హారన్ మోగాక పడిన గోల్ ఎందుకు చెల్లదు? అమెరికా హైస్కూల్ సాకర్ నియమాల చిక్కుముడి

స్కోర్‌బోర్డు మీద అంకెలు తగ్గుతున్నాయి. నాలుగు, మూడు, రెండు... పెనాల్టీ ఏరియా అంచు నుంచి ఓ కుర్రాడు బలంగా తన్నాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే హారన్ మోగింది. మరుక్షణం బంతి వలలో పడింది. ఒక పక్క కేరింతలు మొదలయ్యాయి. రిఫరీ మాత్రం గోల్ లేదని చేయి ఊపేశాడు. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రుల్లో సగం మంది లేచి నిలబడ్డారు. "ఇంతసేపు ఆట ఆగింది కదా, ఇంజురీ టైమ్ ఏదీ?"

ఆ ప్రశ్న అడిగినవాళ్లకు ఆట తెలియక కాదు. టీవీలో ప్రీమియర్ లీగ్, ప్రపంచకప్ చూసి నేర్చుకున్న ఆట వాళ్లకు బాగానే తెలుసు. రిఫరీ చెప్పిందీ సరైనదే. ఇద్దరి దగ్గరా ఉన్నవి వేర్వేరు నియమ పుస్తకాలు, అంతే. అమెరికాలో పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చి బడి జట్టులో చేరగానే ఇలాంటి గొడవలు మొదలవుతాయి. వాటిలో చాలావరకు ఒక పుస్తకంలోని నియమాన్ని ఇంకో పుస్తకం నడిచే మైదానానికి తెచ్చుకోవడం వల్ల వచ్చేవే.

ముందు పేరు సంగతి. మనం ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే వేరే ఆట. తికమక లేకుండా ఈ వ్యాసంలో సాకర్ అనే అందాం.

## ఒకే మైదానం మీద మూడు అంతస్తుల నియమాలు

ప్రపంచమంతా ఆడే సాకర్ నియమాలను రాసేది 1886లో ఏర్పడిన ఐఎఫ్‌ఏబీ అనే మండలి. ప్రపంచకప్, యూరప్ లీగ్‌లు, అమెరికాలోని మేజర్ లీగ్ సాకర్ అన్నీ ఆ నియమాల మీదే నడుస్తాయి. అమెరికా హైస్కూళ్లు మాత్రం ఆ గొడుగు కింద లేవు. వాటికి నియమాలు రాసేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య. ఇది 1920లో పుట్టింది, కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. బాస్కెట్‌బాల్, వాలీబాల్, కుస్తీ లాంటి బడి ఆటలకూ నియమ పుస్తకాలు ఇదే తెస్తుంది. ఒక్క సాకర్‌లోనే ఏటా అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి 8 లక్షల మందికి పైగా ఈ పుస్తకం ప్రకారం ఆడుతున్నారు.

అయితే పుస్తకం రాసే సమాఖ్య పోటీలు నిర్వహించదు. హైస్కూల్ సాకర్‌లో అది జరిపే జాతీయ ఛాంపియన్‌షిప్ అంటూ ఏదీ లేదు. పోటీలు నడిపేవి రాష్ట్ర సంఘాలు. టెక్సస్‌లో యూఐఎల్, కాలిఫోర్నియాలో సీఐఎఫ్, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్‌ఐఏఏ, ఇలా ప్రతి రాష్ట్రానికీ ఒకటి ఉంటుంది. జాతీయ పుస్తకంలో కొన్ని చోట్ల "ఇది మీ రాష్ట్ర ఇష్టం" అని ఖాళీలు వదిలిపెడతారు. ఆ ఖాళీలను ఈ సంఘాలు నింపుతాయి. ఎవరు ఆడొచ్చు, ఎప్పుడు ఆడాలి, ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలకు, ఎవరు వెళ్తారు అనే పెద్ద నిర్ణయాలు కూడా వీటివే. వీటి కింద జిల్లా లేదా కాన్ఫరెన్స్ స్థాయిలో ఇంకో పొర ఉంటుంది. ఎవరితో ఎన్నిసార్లు ఆడాలి, పట్టికలో పాయింట్లు ఎలా ఇవ్వాలి లాంటివి అక్కడ తేలతాయి.

సీజన్ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. న్యూజెర్సీలో అబ్బాయిలూ అమ్మాయిలూ శరదృతువులోనే ఆడతారు. ఇల్లినాయిస్‌లో అబ్బాయిలది శరదృతువు, అమ్మాయిలది వసంతం. ఫ్లోరిడాలో చలికాలంలో ఆడతారు. టెక్సస్‌లో జనవరిలో మొదలై వసంతంలో ముగుస్తుంది. ఉద్యోగం మారి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లిన కుటుంబంలో పిల్లకు ఒకే విద్యా సంవత్సరంలో రెండు సీజన్లు కనిపించొచ్చు, లేదా ఒక్కటీ దొరక్కపోవచ్చు.

## గడియారం రిఫరీ చేతికి కాదు, స్కోర్‌బోర్డుకు ఉంటుంది

హారన్ దగ్గరికి వద్దాం. అంతర్జాతీయ నియమాల్లో సగానికి 45 నిమిషాలు. గడియారం ఆగదు. మధ్యలో పోయిన సమయాన్ని రిఫరీ లెక్కగట్టి చివర్లో కలుపుతాడు. ఇంజురీ టైమ్ అంటే అదే. హైస్కూల్లో సగానికి 40 నిమిషాలే, మధ్యలో విరామం 10 నిమిషాలు. ఇక్కడ గడియారం కిందికి దిగుతుంది, 40 నుంచి సున్నాకు. గోల్ పడితే ఆపుతారు. పసుపు లేదా రెడ్ కార్డు చూపిస్తే ఆపుతారు. పెనాల్టీ కిక్ ఇచ్చినా, ఎవరికైనా దెబ్బ తగిలి రిఫరీ సైగ చేసినా ఆపుతారు. పోయిన సమయం అప్పటికప్పుడే లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి చివర్లో కలపడానికి ఏమీ మిగలదు. సున్నా అంటే సున్నాయే. అప్పటికి బంతి మొత్తంగా గోల్ గీత దాటి ఉండాలి. గాల్లో ఉన్న బంతికి విలువ లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. సమయం ముగిసేలోపే పెనాల్టీ కిక్‌కు తగ్గ తప్పు జరిగి ఉంటే, ఆ ఒక్క కిక్ తీసుకునేదాకా ఆటను పొడిగిస్తారు.

ఇంకో చిన్న నిబంధన చాలామంది దృష్టికి రాదు. ఉదాహరణకు, నీలం జట్టు 1-0తో ముందుంది, ఆట ముగియడానికి నాలుగున్నర నిమిషాలే ఉంది. నీలం కోచ్ ఒకడిని బయటికి పిలిచి ఇంకొకడిని పంపాడు. బయటికి వచ్చేవాడు నింపాదిగా నడుచుకుంటూ వస్తున్నాడు. టీవీలో అయితే ఈ దృశ్యానికి ఎదుటి జట్టు అభిమానులు జుట్టు పీక్కుంటారు. ఇక్కడ ఆ అవసరం లేదు. రెండో సగం చివరి ఐదు నిమిషాల్లో ముందంజలో ఉన్న జట్టు ఆటగాడిని మారిస్తే గడియారం ఆగిపోతుంది. వాడు ఎంత నింపాదిగా నడిచినా ఒక్క సెకను కూడా తినలేడు. ఇదే మార్పిడి వెనకబడిన జట్టు చేస్తే ఈ నియమం వర్తించదు. వాళ్లు ఎలాగూ పరుగెత్తుకుంటూనే వస్తారు.

ఈ పద్ధతి మంచిదా కాదా అన్నది పాత చర్చ. మేజర్ లీగ్ సాకర్ కూడా 1996లో మొదలైనప్పుడు కిందికి దిగే గడియారమే వాడింది. 2000 నాటికి దాన్ని వదిలేసి ప్రపంచ పద్ధతికి మారింది. దాడి మధ్యలో ఉండగా హారన్ మోగించి ఆటను తుంచేయడం సాకర్ లయకు విరుద్ధమని విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజముంది. కానీ బడి మైదానంలో రిఫరీకి నాలుగో అధికారి ఉండడు, బోర్డు పట్టుకుని నిలబడేవాడు ఉండడు. "ఎంత కలిపావు, ఎందుకు కలిపావు" అని రెండు వైపుల నుంచీ అరుపులు పడకుండా స్కోర్‌బోర్డు అతన్ని కాపాడుతుంది. నా వరకు, పదిహేనేళ్ల పిల్లలు ఆడే ఆటలో అందరికీ కనిపించే గడియారమే నయం.

## మార్చుకోవడానికి లెక్క లేదు, కానీ వేళ ఉంది

ప్రపంచకప్‌లో బయటికి వచ్చిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగుపెట్టలేడు. హైస్కూల్లో ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. ఎంతమందినైనా మార్చవచ్చు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఇది బడి జట్టు. బెంచీ మీద ఉన్న పిల్లలూ ఆడాలి, ఎండలో అలసినవాడికి ఊపిరి పీల్చుకునే వీలుండాలి.

తికమక అంతా "ఎప్పుడు" అన్న దగ్గర వస్తుంది. గోల్ పడ్డాక, గోల్ కిక్ సమయంలో, రెండు సగాల మధ్య అయితే ఏ జట్టయినా మార్చుకోవచ్చు. త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసరడం), కార్నర్ కిక్ (మైదానం మూల నుంచి తన్నడం) దగ్గర మాత్రం బంతి ఎవరిదో వాళ్లకే ముందు హక్కు. వాళ్లు మార్చుకుంటే ఎదుటివాళ్లూ మార్చుకోవచ్చు. వాళ్లు మార్చుకోకపోతే ఎదుటివాళ్లు ఆగాల్సిందే.

నీలం జట్టుకు త్రో-ఇన్ వచ్చిందనుకుందాం. ఎరుపు జట్టు తరఫున ఇద్దరు పిల్లలు స్కోరర్ బల్ల దగ్గర పేర్లు చెప్పి సిద్ధంగా నిలబడ్డారు. నీలం కోచ్ ఎవరినీ మార్చలేదు. ఎరుపు కోచ్ "సబ్! సబ్!" అని అరుస్తున్నా రిఫరీ పట్టించుకోలేదు. అది పక్షపాతం కాదు. ఎదుటి జట్టు వేగంగా త్రో వేసే అవకాశాన్ని ఎరుపు జట్టు ఒక మార్పిడితో అడ్డుకోకూడదన్నదే ఆ నియమం ఉద్దేశం. రెండు నిమిషాల తర్వాత ఎరుపు జట్టుకే కార్నర్ దొరికింది. అప్పుడు ఆ ఇద్దరూ లోపలికి వెళ్లారు, దాన్ని చూసి నీలం కోచ్ కూడా ముగ్గురిని మార్చాడు. ఇక్కడ ఒక షరతు ఉంది. ఆట ఆగకముందే బల్ల దగ్గర పేరు నమోదు చేసుకుని ఉండాలి. ఈల మోగాక బెంచీ మీద నుంచి లేచి జెర్సీ సర్దుకునేవాడికి ఆ అవకాశం పోయినట్టే.

## పసుపు కార్డు పడినవాడు బయటికి రావాలి

టీవీ సాకర్‌లో పసుపు కార్డు హెచ్చరిక మాత్రమే. ఆటగాడు తల గోక్కుంటూ అక్కడే ఉండిపోతాడు. హైస్కూల్లో కార్డు చూసినవాడు మైదానం వదిలి రావాలి. అతని బదులు ఇంకొకరిని పంపవచ్చు. పంపకపోతే ఆ కాసేపు పది మందితోనే ఆడాలి. మార్పిడికి వీలున్న తర్వాతి సందర్భంలో అతను తిరిగి రావచ్చు. కోపంలో ఉన్న పిల్లాడిని కాసేపు కోచ్ పక్కన కూర్చోబెట్టడమే ఇక్కడ జరిగేది. ఇదే మొత్తం నియమ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి.

రెండో పసుపు కార్డు వస్తే రిఫరీ పసుపు, ఎరుపు రెండూ ఒకే చేత్తో చూపిస్తాడు. ఇక ఆ మ్యాచ్ అతనికి ముగిసినట్టే, జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. నేరుగా రెడ్ కార్డు వచ్చినా అంతే. కానీ తర్వాతి మ్యాచ్ సంగతి? ఒక ఆట దూరమా, రెండా, ఆన్‌లైన్‌లో క్రీడా మర్యాద కోర్సు చదివి రావాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పక్క రాష్ట్రంలో బంధువుల పిల్లాడికి ఒక మ్యాచ్ నిషేధమే పడింది కదా అంటే కుదరదు.

కోచ్‌లకూ కార్డులు ఉన్నాయి. ఆట మొదలవకముందే తమ జట్టులో అందరూ సరైన సామగ్రి వేసుకున్నారని హెడ్ కోచ్ రిఫరీకి మాట ఇవ్వాలి. షిన్ గార్డుల మీద భద్రతా ప్రమాణ ముద్ర ఉండాలి. వాటి కింది అంచు చీలమండకు 2 అంగుళాల లోపు ఉండాలి. నగలు వేసుకోకూడదు. మతపరమైన లేదా వైద్య సంబంధమైన పతకాలుంటే ఒంటికి టేపుతో అంటించుకోవాలి. ఆతిథ్య జట్టు తెల్ల జెర్సీ, తెల్ల సాక్సులు వేస్తుంది. వచ్చిన జట్టుది ముదురు రంగు.

## ఈల ఎంతమంది చేతిలో ఉంటుంది

ఒక రిఫరీ, గీతల వెంట జెండాలతో ఇద్దరు సహాయకులు. ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఇదే. హైస్కూల్ పుస్తకం దీంతో పాటు ఇంకో రెండింటిని ఒప్పుకుంటుంది. ఇద్దరు రిఫరీలే మైదానాన్ని చెరో వైపు పంచుకుని ఇద్దరూ ఈలలు వేయడం ఒకటి. ముగ్గురూ ఈలలతో తిరగడం ఇంకొకటి. ఇద్దరు రిఫరీల పద్ధతిలో ఆఫ్‌సైడ్ గీతకు సమాంతరంగా ఎవరూ నిలబడలేని సందర్భాలు వస్తాయి. తల్లిదండ్రుల ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవే. అయితే బడి ఆటలకు రిఫరీలు దొరకని కరువు దేశమంతా ఉంది. ముగ్గురిని తెచ్చుకోలేని మధ్యాహ్నం ఇద్దరితో ఆడటమా, ఆట రద్దు చేసుకోవడమా అన్నదే అసలు ఎంపిక. గట్టు మీద నుంచి తిట్టేవాళ్లు ఎక్కువవడం కూడా ఆ కరువుకు ఒక కారణమని సంఘాలే చెబుతున్నాయి.

## పిడుగు, దెబ్బ, తలనొప్పి

ఉరుము వినిపించినా, మెరుపు కనిపించినా ఆట ఆగాలి. చివరి ఉరుము లేదా మెరుపు తర్వాత 30 నిమిషాలు గడిస్తే గానీ మళ్లీ మైదానంలోకి రాకూడదు. 28వ నిమిషంలో ఇంకోసారి ఉరిమితే లెక్క మళ్లీ మొదటి నుంచి. అందుకే కొన్ని సాయంత్రాలు ఆట కంటే బస్సులో కూర్చోవడమే ఎక్కువవుతుంది.

వాన తగ్గలేదు, చీకటి పడుతోంది అనుకుందాం. అప్పుడు ఫలితం ఏమిటి? జాతీయ పుస్తకం ప్రకారం కనీసం ఒక సగం పూర్తయి ఉంటే ఆ ఆటను పూర్తయినట్టే లెక్కించవచ్చు. అంటే 38వ నిమిషంలో 2-0 ఉన్న ఆట ఆగిపోతే ఆ రెండు గోళ్లు గాలికి పోవచ్చు. రెండో సగం మూడో నిమిషంలో 1-0 ఉండగా ఆగిపోతే గెలుపు ఖాయం కావచ్చు. ఇది అన్యాయమనిపించే చోట రాష్ట్ర సంఘాలు తమ నియమం పెట్టుకుంటాయి, ఆగిన చోటి నుంచే మరోరోజు కొనసాగించేలా. ప్లేఆఫ్స్‌లో ఇది మరీ ముఖ్యం.

తలకు దెబ్బ తగిలిన విషయంలో మాత్రం ఎవరికీ వెసులుబాటు లేదు. కంకషన్ లక్షణాలు, అంటే కళ్లు తిరగడం, తలనొప్పి, అయోమయం లాంటివి కనిపించిన ఆటగాడిని వెంటనే బయటికి పంపాలి. అర్హత ఉన్న వైద్య నిపుణులు సరే అనేదాకా తిరిగి ఆడించకూడదు. "నాకేం కాలేదు కోచ్" అన్న పిల్లాడి మాటకు ఇక్కడ విలువ లేదు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం దీనిపై తొలి సమగ్ర చట్టం చేసింది, 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో చట్టాలు వచ్చాయి. కాబట్టి ఇది ఆట నియమం మాత్రమే కాదు. కోచ్ దీన్ని ఉల్లంఘిస్తే చట్టానికీ జవాబు చెప్పాలి. చిన్న పిల్లలు తలతో బంతిని కొట్టకూడదని వినే ఉంటారు. అది 2015లో యూఎస్ సాకర్ సమాఖ్య ప్రకటించిన పరిమితి. 10 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు పూర్తి నిషేధం, 11 నుంచి 13 ఏళ్లవాళ్లకు సాధనలో పరిమితి. హైస్కూల్ వయసుకు అది వర్తించదు.

## స్కోరు సమమైతే ఏం చేస్తారు

లీగ్ మ్యాచ్ 1-1తో ముగిస్తే చాలాచోట్ల సమంగానే వదిలేస్తారు. కొన్ని రాష్ట్రాలు అదనపు సమయం ఆడిస్తాయి. అందులోనూ రెండు రకాలున్నాయి. గోల్ పడగానే ఆట ముగిసే "గోల్డెన్ గోల్" ఒకటి, ఎన్ని గోళ్లు పడినా పూర్తి సమయం ఆడటం రెండోది. ప్లేఆఫ్స్‌లో విజేత తేలాల్సిందే కాబట్టి చివరికి పెనాల్టీల దాకా వెళ్తారు.

టీవీ చూసి నేర్చుకున్నవాళ్లు తప్పకుండా అభ్యంతరం చెప్పే చోటు ఇదే. ప్రపంచకప్‌లో అదనపు సమయం ముగిసేటప్పటికి మైదానంలో ఉన్నవాళ్లే పెనాల్టీలు తన్నాలి. జాతీయ సమాఖ్య సూచించిన హైస్కూల్ పద్ధతిలో కోచ్ ఏ ఐదుగురినైనా ఎంచుకోవచ్చు. మైదానంలో ఉన్నవాళ్లయినా సరే, బెంచీ మీద ఉన్నవాళ్లయినా సరే. రెడ్ కార్డు పడినవాళ్లు మాత్రం పనికిరారు. పది నిమిషాల ముందు అలసిపోయి బయటికి వచ్చిన అమ్మాయి జట్టులో అందరికంటే నిబ్బరంగా పెనాల్టీ తన్నగలదని కోచ్‌కు తెలుసు. ఆమెను నాలుగో కిక్‌కు పిలిస్తే ఎదుటి జట్టు తల్లిదండ్రులు "ఆమె ఆటలో లేదు కదా" అంటారు. లేదు, కానీ తన్నొచ్చు. ఐదుగురి తర్వాతా సమమైతే, అదే పద్ధతి ప్రకారం రెండో విడతకు వేరే ఐదుగురిని పంపాలి. ఆలోచిస్తే ఇది కూడా లెక్క లేని మార్పిడికి సహజమైన కొనసాగింపే. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి వెళ్లే ఆటలో, ఈల మోగిన క్షణానికి ఎవరు లోపల ఉన్నారన్నది కాకతాళీయమే కదా.

పట్టికలో సమమైతే లెక్క ఇంకో రకం. నీలం, ఎరుపు జట్లు రెండూ 12 ఆటల్లో 8 గెలిచి, 2 సమం చేసి, 2 ఓడాయనుకుందాం. గెలుపుకు మూడు, సమానికి ఒకటి చొప్పున ఇద్దరికీ 26 పాయింట్లు. నీలం జట్టు గోళ్ల తేడా 31, ఎరుపుది 12. అయితే ఇద్దరూ తలపడినప్పుడు ఎరుపు ఒకసారి 1-0తో గెలిచింది, ఇంకోసారి 0-0. ముఖాముఖి ఫలితాన్ని ముందు చూసే లీగ్‌లో ఎరుపుదే పైచేయి. గోళ్ల తేడాను ముందు చూసే లీగ్‌లో నీలం ముందుంటుంది. రెండో పద్ధతిలో ఒక చిక్కుంది. బలహీనమైన జట్టు దొరికితే 12-0 కొట్టడానికి ఆశ పుడుతుంది. అందుకే కొన్ని పోటీల్లో ఒక ఆటకు ఇన్ని గోళ్ల వరకే లెక్క అని హద్దు పెడతారు. తేడా మరీ పెరిగితే ఆటను ముందే ముగించే "మెర్సీ రూల్" కూడా కొన్ని రాష్ట్రాల్లో ఉంది.

ప్లేఆఫ్స్ స్థానాలు చాలాచోట్ల ఈ పట్టికతోనే తేలవు. బడిలో ఎంతమంది విద్యార్థులున్నారన్న లెక్కతో ముందు బడులను తరగతులుగా విడగొడతారు. ఆపైన బలమైన ప్రత్యర్థుల మీద గెలిచినవాళ్లకు ఎక్కువ విలువ ఇచ్చే సూత్రాలు వచ్చాయి. మసాచుసెట్స్ 2021 నుంచి రాష్ట్రవ్యాప్త టోర్నమెంట్‌కు ఇలాంటి పవర్ రేటింగ్‌తోనే వరుస నిర్ణయిస్తోంది. తక్కువ ఆటలు గెలిచిన జట్టు ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు కంటే పైన ఉండటం చూసి మోసమనుకునేవాళ్లు ఉన్నారు. ఎవరి మీద గెలిచారన్నది కూడా ఆ లెక్కలో ఉందని వాళ్లు గమనించరు.

## ఆడే హక్కు మైదానం బయట తేలుతుంది

బంతి తన్నడం కంటే అర్హత నియమాల దగ్గరే కుటుంబాలు ఎక్కువ దెబ్బ తింటాయి. వయసు, మార్కులు, బడి మార్పు, వైద్య పరీక్ష. ఈ నాలుగూ రాష్ట్రం చేతిలోనివే.

వయసుకు సాధారణంగా 19 ఏళ్ల హద్దు. ఏ తేదీకి 19 నిండకూడదన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఆ తేదీ జూన్ 15, టెక్సస్‌లో సెప్టెంబర్ 1.

మార్కుల విషయంలో టెక్సస్ కథ ప్రసిద్ధం. 1984లో ఆ రాష్ట్ర చట్టసభ "పాసవకపోతే ఆట లేదు" అనే నియమం తెచ్చింది. గ్రేడింగ్ కాలం చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే విద్యార్థి పోటీలకు దూరమవుతాడు. మొదట్లో ఇది ఆరు వారాలుండేది, 1995లో మూడు వారాలకు తగ్గించారు. ఓ అబ్బాయికి గణితంలో 68 వచ్చిందనుకోండి. గ్రేడింగ్ కాలం ముగిసిన ఏడు రోజుల తర్వాత నిషేధం మొదలవుతుంది. ఆ మూడు వారాలూ అతను జట్టుతో సాధన చేయొచ్చు, మ్యాచ్ ఆడకూడదు. మూడు వారాల తర్వాత అన్ని సబ్జెక్టుల్లోనూ పాసవుతున్నట్టు తేలితే తిరిగి రావచ్చు. కఠినమైన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కోర్సుల్లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. లేకపోతే ఆటగాళ్లంతా తేలిక సబ్జెక్టులే తీసుకుంటారన్నది అందులోని ఆలోచన.

బడి మారితే ఇంకో చిక్కు. ఇల్లు మారకుండా కేవలం మంచి జట్టు కోసం బడి మారినట్టు కనిపిస్తే చాలా రాష్ట్రాలు కొంతకాలం, కొన్నిచోట్ల ఏడాది పాటు, ప్రధాన జట్టులో ఆడనివ్వవు. ఒక బడి ఇంకో బడి పిల్లల్ని ఎగరేసుకుపోకుండా పెట్టిన కంచె ఇది. నిజాయితీగా మారినవాళ్లూ ఆ కంచెకు తగులుకుంటారు. తల్లిదండ్రులు విడిపోయి ఇల్లు మారినప్పుడు, బడిలో వేధింపులు తట్టుకోలేక మారినప్పుడు మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ కాగితాలే మాట్లాడతాయి.

అర్హత లేనివాడిని తెలిసో తెలియకో ఆడించినట్టు తర్వాత బయటపడితే, అతను ఆడిన ఆటలు గెలిచినవైనా ఓటమిగా రాసేయడం చాలా రాష్ట్రాల్లో ఉన్న పద్ధతి. ఒక గుమస్తా తేదీ తప్పు చూసుకున్నందుకు ఇరవై మంది పిల్లల సీజన్ పోవడం క్రూరంగానే ఉంటుంది. అలా లేకపోతే "పొరపాటు జరిగింది" అనే మాటకు హద్దుండదని సంఘాలు వాదిస్తాయి.

## క్లబ్బా, బడా

ఇంటింటా ఎక్కువగా వాదన జరిగేది దీని మీదే. ప్రతిభ ఉన్న పిల్లలు బడితో పాటు క్లబ్బులో కూడా ఆడతారు. రెండూ ఒకేసారి కుదురుతాయా?

కాలిఫోర్నియాలో కుదరదు. అక్కడి సంఘం బైలా 600 ప్రకారం బడి సీజన్ నడుస్తున్నంతకాలం అదే ఆటలో బయటి జట్టుకు ఆడితే అర్హత పోతుంది. కొన్ని రాష్ట్రాలు ఇంత పట్టుదలగా లేవు. రెండో వైపు నుంచి క్లబ్బులూ తలుపు మూశాయి. యూఎస్ సాకర్ 2007లో మొదలుపెట్టిన డెవలప్‌మెంట్ అకాడమీ అనే క్లబ్ లీగ్ 2012లో పది నెలల సీజన్‌కు మారి, తన ఆటగాళ్లను హైస్కూల్ జట్లకు దూరంగా ఉంచింది. 2020లో ఆ అకాడమీ మూతపడి దాని స్థానంలో మేజర్ లీగ్ సాకర్ వాళ్ల యువ లీగ్ ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ వచ్చింది. దాని పై స్థాయిలోనూ అదే ధోరణి కొనసాగింది. అమ్మాయిల పెద్ద క్లబ్ లీగుల్లో ఒకటైన ఈసీఎన్‌ఎల్ మాత్రం హైస్కూల్ సీజన్ కోసం విరామం ఇస్తుంది.

క్లబ్ పక్షం వాదన బలహీనమైనదేమీ కాదు. అక్కడ శిక్షణ నాణ్యత ఎక్కువ, సహచరులంతా ఒకే స్థాయివాళ్లు, కాలేజీ కోచ్‌లు చూసేది ఎక్కువగా క్లబ్ టోర్నమెంట్లనే. బడి సీజన్‌లో వారానికి రెండు మూడు మ్యాచ్‌లు కుక్కేసరికి కోలుకునే సమయం ఉండదన్నది వాళ్ల ఇంకో అభ్యంతరం. బడి పక్షం చెప్పేది వేరు. క్లబ్బుకు ఏడాదికి వేల డాలర్లు పోయాలి, బడి జట్టుకు అంత అక్కర్లేదు. పైగా క్లబ్ మ్యాచ్‌కు తల్లిదండ్రులు తప్ప ఎవరూ రారు. శుక్రవారం రాత్రి దీపాల కింద క్లాసులో పక్కన కూర్చునే స్నేహితులు పేరు పెట్టి అరుస్తుంటే ఆడటం ఒక్క బడిలోనే దొరుకుతుంది. వృత్తి ఆటగాళ్లయ్యేవాళ్లు వేలల్లో ఒకరు కాబట్టి, మిగతావాళ్ల దృష్టితో చూస్తే నా మొగ్గు బడి వైపే. ఆ ఒక్కరి ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే మాత్రం జవాబు మారుతుందని ఒప్పుకోవాలి.

## రిఫరీ తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి

గోల్ గీత దాటిందా, అది ఫౌలా కాదా లాంటి విషయాల్లో మైదానంలో రిఫరీ నిర్ణయమే తుది మాట. ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్లినా స్కోరు మారదు. వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే వీఏఆర్ గదులు బడి మైదానాలకు లేవు.

అర్హత, నిషేధం, బడి మార్పు లాంటి వాటికి దారి వేరు. బడి ద్వారా సంఘానికి అప్పీలు, విచారణ, అక్కడా తేలకపోతే కోర్టు. ప్రైవేటు సంస్థలా కనిపించే క్రీడా సంఘాన్ని రాజ్యాంగం పేరుతో కోర్టుకు లాగవచ్చా అన్న ప్రశ్న టెనెసీ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సభ్యుల్లో అత్యధికం ప్రభుత్వ బడులే కాబట్టి ఆ రాష్ట్ర సంఘం ప్రభుత్వంలో భాగంగా వ్యవహరిస్తున్నట్టేనని 2001లో బ్రెంట్‌వుడ్ అకాడమీ కేసులో కోర్టు 5-4 తేడాతో తేల్చింది. అందువల్ల సంఘం ఒక విద్యార్థిని పక్కన పెడితే రాజ్యాంగపరమైన ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి రావచ్చు. అదే కేసు రెండోసారి 2007లో వచ్చినప్పుడు మాత్రం గెలిచింది సంఘమే. ఆటగాళ్లను ఆకర్షించకుండా బడులకు పెట్టిన నియమం చెల్లుతుందని కోర్టు చెప్పింది. స్వచ్ఛందంగా ఒక లీగులో చేరాక దాని నియమాలకు కట్టుబడాలన్నది అక్కడి తర్కం.

హారన్ మోగాక పడిన ఆ గోల్ మాత్రం ఏ కోర్టుకూ వెళ్లదు. స్కోరర్ బల్ల దగ్గర పుస్తకంలో 1-0 అని రాసి రిఫరీ సంతకం చేసేశాడు.